వినేవారు కనబడని తరగతి: కోవిడ్ కాలంలో ఉపాధ్యాయుల గొంతు, మానసిక ఒత్తిడి

కోవిడ్ కాలంలో ఉపాధ్యాయుల గొంతు దెబ్బతినడానికి సాధారణంగా చెప్పే కారణం ఒక్కటే: ఎక్కువసేపు మాట్లాడారు. ఆ వివరణ చాలదన్నది ఈ వ్యాసం వాదన. మాట్లాడిన సమయం కన్నా, మాట పిల్లలకు అందిందో లేదో తెలియకుండా మాట్లాడవలసి రావడం గొంతుకు ఎక్కువ చేటు చేసింది. స్వరశ్రమ, మానసిక ఒత్తిడి ఒకదాన్నొకటి పెంచుకున్నది కూడా అక్కడే.

బోధన వృత్తిలో గొంతు సమస్య కోవిడ్‌తో పుట్టింది కాదు. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో నెల్సన్ రాయ్ బృందం చేసిన సర్వే 2004లో వెలువడింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్వర సమస్య వచ్చిందని ఉపాధ్యాయుల్లో 57.7 శాతం మంది చెప్పగా, ఇతరుల్లో ఆ సంఖ్య 28.8 శాతం. కారణం ఊహించడం కష్టం కాదు. స్త్రీలు మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి. గంటలో మూడో వంతు సమయమే స్వరం పలికినా ఆ కంపనాలు 2 లక్షల 40 వేలు. స్వరం పెంచినకొద్దీ తంత్రులు ఒకదానికొకటి మరింత బలంగా తాకుతాయి.

ఎంత గట్టిగా మాట్లాడాలో మనిషి ఒంటరిగా నిర్ణయించుకోడు. చుట్టూ రొద ఉంటే గొంతు దానంతటదే పెరుగుతుందని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే చూపించాడు. తన గొంతు తన చెవికి ఎలా వినిపిస్తోంది, ఎదుటివారు ఎలా స్పందిస్తున్నారు అన్న రెండింటినీ బట్టి గొంతు సర్దుకుంటూ ఉంటుంది. మామూలు తరగతిలో చివరి బెంచీ పిల్లవాడు తల ఊపితే చాలు, టీచరు గొంతు తగ్గిస్తుంది. ఆన్‌లైన్ క్లాసులో పిల్లలందరూ మ్యూట్‌లో ఉండేవారు, కెమెరాలు ఆపి ఉండేవి. చెవులు మూసే హెడ్‌సెట్ పెట్టుకుంటే తన మాట తనకే సరిగా వినిపించదు. మధ్యలో నెట్ తెగితే చెప్పిందే మళ్లీ చెప్పాలి. ఇలా సర్దుకోవడానికి ఆధారమే లేనప్పుడు గొంతు పెంచడం ఒక్కటే చేతిలో మిగిలింది. అసలు ఆ మైక్రోఫోను ముందు గొంతు పెంచవలసిన అవసరమే లేదు.

దీనికి ఆందోళన తోడైంది. ఒత్తిడిలో మెడ, స్వరపేటిక చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన ఆడుతుంది, అదే మాట పలకడానికి ఎక్కువ బలం కావలసి వస్తుంది. గొంతు పట్టేస్తే దగ్గి సవరించుకుంటాం. ఆ సవరింపు తంత్రులను మళ్లీ గాయపరుస్తుంది. కోవిడ్ రోజుల్లో ఆ దగ్గే మరో భయానికి కారణమయ్యేది. ఈ రకం కండర బిగుతులో స్వరతంత్రుల మీద బుడిపె ఏదీ కనిపించకపోవచ్చు. అంతమాత్రాన బాధ లేనట్టు కాదు. ఆ ఆందోళనలో జీతం గురించిన భయమూ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2021లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చిందంటే వారి జీతాలు ఏ స్థితిలో ఉన్నాయో తెలుస్తుంది. గొంతును పరీక్షించేవారు ఈ ఆర్థిక భయాన్ని కూడా రోగ చరిత్రలో రాసుకోవాలని నా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న, తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచాక పిల్లల ముఖాలు తిరిగి కనిపించాయి, అయితే మాస్కు వెనకాల. సర్జికల్ మాస్కు 2,000 నుంచి 7,000 హెర్ట్జ్ మధ్య ధ్వనిని 3, 4 డెసిబెల్స్ తగ్గిస్తుందని, ఎన్95 దాదాపు 12 డెసిబెల్స్ తగ్గిస్తుందని 2020లో జరిగిన కొలతలు చూపాయి. తెలుగులో స, శ, ష ల తేడా ఎక్కువగా ఈ పై పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. పెదవుల కదలికా కనబడదు. దూరం పాటిస్తూ కూర్చోబెట్టిన గదిలో ఫ్యాన్ల రొద మధ్య టీచరు మళ్లీ గొంతు చించుకోవలసిందే.

ఈ నష్టాన్ని కొలిచే సాధనాలు మన దగ్గర లేకపోలేదు. 1997లో రూపొందిన స్వర వైకల్య సూచికలో 30 ప్రశ్నలుంటాయి. అందులో మూడో వంతు మానసిక బాధ గురించినవే. ఒత్తిడిని కొలిచే కోహెన్ ప్రశ్నావళి 1983 నుంచీ ఉంది. ఉపాధ్యాయుల వైద్య పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపి వాడాలి. దాంతోపాటు చట్టం మారాలి. పోలండ్‌లో ఉపాధ్యాయుల దీర్ఘకాలిక స్వర రుగ్మత వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. మన దేశంలో 2025 వరకు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో రొద వల్ల కలిగే వినికిడి లోపానికి చోటుండేది, గొంతుకు ఉండేది కాదు. యంత్రం పక్కన పనిచేసి చెవి పోగొట్టుకున్న కార్మికుడికి దక్కే గుర్తింపు, పాఠం చెప్పి గొంతు పోగొట్టుకున్న టీచరుకూ దక్కాలి. ఆ షెడ్యూలుకు కొత్త వ్యాధులను చేర్చే అధికారం ప్రభుత్వాలకు అదే చట్టం ఇచ్చింది.