నీపర్ గట్టు నుంచి నల్గొండ దాకా

తెలుగువారి చరిత్ర పుస్తకాల్లో పాశ్చాత్య నాగరికత సముద్రం మీదుగా వస్తుంది. మచిలీపట్నంలో డచ్చి, ఇంగ్లీషు వర్తకులు, మద్రాసులో కోట, ఆ తర్వాత కలెక్టరు కచేరీ, దొరల కాలేజీ. ఈ వరుస కోస్తాకు సరిపోతుంది. నల్గొండ, పాలమూరు మెట్టసీమకు సరిపోదు. ఇక్కడ ఏలుబడి నిజాముది. శిస్తు వసూలు చేసింది దేశ్‌ముఖులు, జాగీర్దార్లు, పటేల్ పట్వారీలు. ఇంగ్లీషువాడి అధికారం సికింద్రాబాద్ దండు దగ్గరా, హైదరాబాద్ రెసిడెన్సీ దగ్గరా ఆగిపోయేది. పల్లెల్లో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని, మాదిగవాడలకు నడిచి వెళ్లిన తొలి ఐరోపావారిలో ముఖ్యులు రష్యా సామ్రాజ్యపు దక్షిణ మైదానాల నుంచి వచ్చారు. వాళ్ల ఇంటిభాష జర్మన్. వాళ్ల పేరు మెన్నోనైట్లు.

వాళ్లు నల్గొండ చేరడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. ఆ దారి తెలిస్తే తప్ప ఇక్కడికి వచ్చిన పాశ్చాత్యం ఎలాంటిదో అర్థం కాదు.

1525 జనవరిలో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో కొందరు యువకులు ఒకరికొకరు కొత్తగా బాప్తిస్మం ఇచ్చుకున్నారు. పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదనీ, బుద్ధి తెలిసిన మనిషి తానుగా ఒప్పుకుంటేనే అది విశ్వాసమనీ వాళ్ల వాదం. వినడానికి చిన్న తగాదాలా ఉంటుంది కానీ, అప్పటి ఐరోపాలో పుట్టిన ప్రతి బిడ్డా చర్చి సభ్యుడే, రాజ్యపు ప్రజే. ఆ ముడి విప్పడమంటే ప్రభుత్వానికి మనసు మీద హక్కు లేదనడమే. రెండేళ్లకు, 1527లో, వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాన్జ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఆ శిక్ష వేసింది సంస్కరణవాదుల నగర సభే. డచ్చి సీమలో మెన్నో సైమన్స్ 1536లో కాథలిక్ గురుత్వం వదిలి, చెదిరిపోయిన ఈ సమూహాలను కూడగట్టాడు. వాళ్ల పేరు ఆయన నుంచి వచ్చిందే. కత్తి పట్టరాదు, ఒట్టు పెట్టరాదు అన్నవి వాళ్ల నియమాలు.

కత్తి పట్టనివాళ్లకు ఏ రాజ్యంలోనూ నిలకడ దొరకలేదు. డచ్చి సీమ నుంచి విస్తులా నది ముఖద్వారానికి వెళ్లి, డాన్‌జిగ్ చుట్టూ ఉన్న చిత్తడి నేలలకు కట్టలు పోసి, నీళ్లు తోడి, సాగులోకి తెచ్చారు. సైన్యంలో చేరనివాళ్లు కొత్తగా భూమి కొనకుండా ప్రష్యా అడ్డుపడింది. అప్పుడు రష్యా మహారాణి కాథరిన్ పిలుపు అక్కరకొచ్చింది. 1789లో నీపర్ నది పక్కన ఖోర్టిట్సా కాలనీ, 1804లో మోలోచ్నా కాలనీ వెలిశాయి. సైనిక సేవ నుంచి మినహాయింపు రాతపూర్వకంగా దక్కింది. గోధుమ పండింది, మరలు తిరిగాయి, కాలనీలు కలిగినవయ్యాయి. కలిమితో పాటు భక్తి మొక్కుబడి అయిందని నొచ్చుకున్నవారు 1860లో విడిపోయి మెన్నోనైట్ బ్రెదరెన్ అయ్యారు. 1874లో రష్యా సైనిక సేవ అందరికీ తప్పనిసరి చేయడంతో దాదాపు 18,000 మంది ఉత్తర అమెరికాకు వలసపోయారు. ఇలా ఒకే బంధువర్గం రెండు ఖండాల్లో పడింది. పాలమూరు చరిత్రకు ఈ చీలిక ముఖ్యం.

రష్యాలో ఉండిపోయినవారిలో ఒకరు అబ్రాహాం ఫ్రీసెన్. మెన్నోనైట్ బ్రెదరెన్‌కు బాప్టిస్టులతో ఉన్న సాన్నిహిత్యం వల్ల హాంబర్గ్‌లోని వాళ్ల సెమినరీలో చదివి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1889లో భార్య మరియాతో కలిసి భారతదేశానికి బయలుదేరారు. 1890లో నల్గొండ చేరారు. పాలమూరుకు నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఆ ఏడాదే. మిషన్ ఖర్చులకు డబ్బు రష్యా కాలనీల రైతుల నుంచి వచ్చేది. ఉన్రూ, హూబెర్ట్, పెన్నర్ కుటుంబాలు వెనకే వచ్చాయి.

అప్పటికే కోస్తాలో ఒక అల లేచి ఉంది. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. నల్గొండలోనూ వచ్చినవారు వెట్టి చేసే వాడలవారే. ఇక్కడొక ముఖ్యమైన విషయం ఉంది. జూరిచ్‌లో ప్రాణాలకు తెగించి నిలబెట్టుకున్న సూత్రం, ప్రతి మనిషీ ఒంటరిగా, తానుగా నిర్ణయించుకోవాలన్నది. వాడ అలా నిర్ణయించుకోదు. పెద్దమనుషులు కూర్చుంటారు, బంధువులు మాట్లాడుకుంటారు, కదిలితే ఇంటింటికీ కలిసి కదులుతారు. దొరలు ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించేవారు. జనం మాత్రం వరుసగా, కుటుంబాలుగా వచ్చి నిలబడ్డారు. నా దృష్టిలో ఇక్కడ సంఘాన్ని నిలబెట్టింది ఈ రెండో పద్ధతే. ఊరూరా తిరిగి చెప్పిందీ, పాటలు నేర్పిందీ, రాత్రిబడి నడిపిందీ తెలుగు ఉపదేశకులు, బైబిలు స్త్రీలు. మిషన్ నివేదికల్లో వాళ్లకు దక్కిన చోటు తక్కువ.

మరో మాట కూడా చెప్పాలి. ఐరోపాలో దొరతనాన్ని నిరాకరించి దేశాలు పట్టిన జనం ఇక్కడ పెద్ద కాంపౌండులో బంగళా కట్టుకుని, నౌకర్లను పెట్టుకుని, దొర, దొరసాని అనిపించుకున్నారు. బడి, దవాఖాన తెచ్చిన చేతులే ఈ ఎడాన్నీ తెచ్చాయి. మాదిగ పిల్లవాడికి అక్షరం దొరికింది మాత్రం ఆ కాంపౌండు బడిలోనే. రెండూ నిజమే.

1917 విప్లవంతో నీపర్ తీరం నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. అంతర్యుద్ధంలో కాలనీలు దోపిడీకి గురయ్యాయి, ఆ వెంటనే కరువు పడింది. అప్పటికి అమెరికాకు వెళ్లిన శాఖ ఇక్కడ స్థిరపడి ఉంది. 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ వచ్చారు, 1904లో హైదరాబాద్ మలక్‌పేటలో వాళ్ల సొంత స్టేషను మొదలైంది, తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ రష్యాలో పుట్టి, అమెరికాలో వైద్యం చదివి, 1945లో శంషాబాద్‌లో కన్నుమూసే దాకా ఈ పల్లెల రోగులనే చూశారు.

ఎన్. ఎన్. హీబర్ట్ మనవడు పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో పుట్టారు. మిషనరీగా పనిచేస్తూనే మానవశాస్త్రవేత్త అయి, మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లె మీద 1971లో ‘కొండూరు’ అనే గ్రంథం ప్రచురించారు. కులాల అల్లిక, పంచాయితీ, జాతర, ఇచ్చిపుచ్చుకోళ్లను ఓపికగా రాసిన పుస్తకం అది. ఆయన ఒక ఘటనను చెప్పేవారు. ముచ్చింతల అనే పల్లెలో మశూచి పుట్టింది. మైసమ్మకు దున్నపోతును బలి ఇవ్వాలని ఊరు చందా వేసింది. క్రైస్తవులు ఇవ్వం అన్నారు, ఊరు వాళ్లను దూరం పెట్టింది. అంతలో క్రైస్తవుల పిల్లకే జబ్బు చేసింది. ఏం చెయ్యమంటారని సంఘ పెద్ద వచ్చి అడిగితే, తన చదువులో ఆ ప్రశ్నకు చోటే లేదని హీబర్ట్ గ్రహించారు.

1982లో ఆయన ఆ లోటును ఒక వ్యాసంగా రాశారు. పాశ్చాత్య మనసుకు రెండు అంతస్తులే ఉన్నాయన్నారు: పైన దేవుడూ పరలోకమూ, కింద ప్రకృతీ విజ్ఞానమూ. గాలీ ధూళీ, అమ్మవారూ, దిష్టీ, ముహూర్తమూ ఉండే మధ్య అంతస్తును ఐరోపా తీసేసింది. ఆ తీసివేతతోనే మిషనరీ పరదేశాలకు వెళ్లాడు. అందుకే చాలాచోట్ల క్రైస్తవ మిషన్లే జనాన్ని దైవానికి దూరం చేసే శక్తులయ్యాయన్నది ఆయన నిర్ధారణ. అమెరికాలోని ఫుల్లర్, ట్రినిటీ సెమినరీల్లో ఆయన పాఠాలు చెప్పారు. మిషన్ పనికి సిద్ధమయ్యే విద్యార్థులు ఇప్పటికీ ఆ వ్యాసం చదువుతారు. అందులోని ప్రశ్న పాలమూరు పల్లెలు వేసిందే.