ఎడ్డీ కరెంట్ పరీక్ష

లోహపు వస్తువును కోయకుండా, విరగ్గొట్టకుండా, అందులోని పగుళ్లను, గుంటలను, మందంలోని తేడాలను పసిగట్టే విద్యుదయస్కాంత పద్ధతి ఎడ్డీ కరెంట్ పరీక్ష. తెలుగు నేలపై దీని అవసరం బాగా తెలిసిన చోట్లలో హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్.ఎఫ్.సి.) ముందుంటుంది.

1824లో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా అరాగో ఒక వింత గమనించాడు: తిరుగుతున్న రాగి పళ్లెం, పైన ఉన్న అయస్కాంత సూచిని తనతోపాటు తిప్పుతోంది. రాగిని అయస్కాంతం పట్టుకోదు కదా, మరి ఇదెలా? 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాకే ఆ ముడి వీడింది. అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే లోహంలో విద్యుత్తు సుడులు తిరుగుతుంది. ఆ సుడులకూ సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది. 1855లో లియాన్ ఫూకో, ఈ సుడి ప్రవాహాలు (ఎడ్డీ కరెంట్లు) తిరిగే పళ్లేన్ని అడ్డుకుని వేడెక్కిస్తాయని చూపాడు.

పరీక్షగా దీని పుట్టుక మాత్రం 1879లో డేవిడ్ హ్యూస్ దగ్గరే అనాలి. ఆయన రెండు జతల కాయిల్స్‌ను తూకంలో పెట్టి, వాటి దగ్గర నాణేలుంచాడు. రెండు నాణేలూ ఒకేలా ఉంటే కాయిల్స్‌కు కలిపిన టెలిఫోన్‌లో నిశ్శబ్దం, తేడా ఉంటే చప్పుడు. మంచి వస్తువుతో పోల్చి చెడ్డదాన్ని పట్టుకోవడమనే సూత్రం నేటికీ అదే.

ఆ తర్వాత చాలాకాలం ఇది కార్ఖానాకు అక్కరకు రాలేదు. కాయిల్ సిగ్నల్‌లో మార్పు పగులు వల్లే రానక్కర్లేదు. లోహం వాహకత, కడ్డీ వ్యాసం, కాయిల్‌కూ లోహానికీ మధ్య ఎడం, ఏది మారినా సిగ్నల్ కదులుతుంది. ఈ చిక్కును విప్పింది జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ ఫర్‌స్టర్. ఒక్కో కారణం సిగ్నల్‌ను ఒక్కో దిక్కుకు జరుపుతుందని లెక్కలతో, కొలతలతో చూపి, వాటిని విడదీసే దారి చెప్పాడు. 1948లో రాయిట్లింగెన్‌లో ఆయన పెట్టిన సంస్థ ఈ పరికరాలను పరిశ్రమలకు చేర్చింది.

ఎన్.ఎఫ్.సి. 1971లో ఏర్పడింది. భారజల రియాక్టర్ల కోసం యురేనియం డయాక్సైడ్ బిళ్లలను జిర్కలాయ్ అనే మిశ్రమలోహపు గొట్టాల్లో నింపి, రెండు చివరలూ వెల్డింగ్ చేస్తారు. ఈ గొట్టం గోడ మందం సుమారు 0.4 మిల్లీమీటర్లే. దానికి చిల్లిపడితే అయోడిన్, జినాన్ వంటి రేడియోధార్మిక పదార్థాలు భారజలంలో కలుస్తాయి. అందుకే ఇక్కడ గొట్టాల తనిఖీలో అల్ట్రాసోనిక్ పరీక్షకు తోడుగా ఎడ్డీ కరెంట్‌నూ వాడుకున్నారు.

కాయిల్‌లో పారే విద్యుత్తు ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడమే ఇందులో అసలు పని. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సుడులు పైపొరకే పరిమితమవుతాయి. జిర్కలాయ్‌లో పది లక్షల హెర్ట్జ్ దగ్గర అవి చొచ్చుకెళ్లే ప్రామాణిక లోతు దాదాపు ఆ గోడ మందమంతే. ఇంకా పెంచితే లోపలి వైపు గీతలు చేజారతాయి. పరీక్షకు ముందు, కావాలని గాటు పెట్టిన నమూనా గొట్టాన్ని కాయిల్ గుండా పంపి యంత్రాన్ని సరిచేస్తారు. ఆ గాటు ఎంత లోతుగా, ఎంత శుభ్రంగా ఉందన్నదాన్ని బట్టే తర్వాతి గొట్టాల తీర్పు ఉంటుంది గనుక, నమూనాకు ఇచ్చే శ్రద్ధ యంత్రానికిచ్చే శ్రద్ధకంటే తక్కువ కాకూడదు.

పక్కపక్కనే రెండు కాయిల్స్ పెట్టి పోల్చే ఏర్పాటులో ఒక ప్రమాదం ఉంది. ఒకే లోతుతో పొడుగునా సాగే గీత రెండు కాయిల్స్ కిందా ఒకేలా ఉంటుంది. మొదట్లో, చివర్లో తప్ప మధ్యలో కనిపించదు. అందుకే విడిగా పనిచేసే కాయిల్ కూడా కావాలి.

ఇంధన గొట్టాలకే కాదు, నీటిని ఆవిరిగా మార్చే ఆవిరి జనరేటర్ గొట్టాలకూ ఈ పరీక్ష ఉంది; వాటిని రియాక్టర్‌లో అమర్చాక లోపలినుంచి ప్రోబ్ పంపి చూస్తారు. అక్కడ గొట్టాలను పట్టి ఉంచే ప్లేట్లు కూడా సిగ్నల్ ఇస్తాయి. రెండు మూడు ఫ్రీక్వెన్సీల సిగ్నళ్లను కలిపి ఆ ప్లేట్ల జాడను చెరిపేసే పద్ధతి 1970లలో స్థిరపడింది. అయస్కాంతం పట్టుకునే ఉక్కులో మామూలు పద్ధతి సాగదు. కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ ఆవిరి జనరేటర్ గొట్టాలు అలాంటి క్రోమియం ఉక్కువే. అక్కడి ఇందిరాగాంధీ అణు పరిశోధనా కేంద్రం రిమోట్ ఫీల్డ్ పద్ధతిని వాటికి తగినట్టు తీర్చిదిద్దింది. ఇందులో సిగ్నల్ అందుకునే కాయిల్‌ను ప్రేరేపించే కాయిల్‌కు దూరంగా ఉంచుతారు. క్షేత్రం గోడ దాటి బయటికెళ్లి, మళ్లీ గోడ దాటి లోపలికొస్తుంది కాబట్టి లోపలి, బయటి లోపాలు దాదాపు సమానంగా తెలుస్తాయి.