దిగుట నేర్చు విద్య

గోపాల్‌పూరు రేవని పేరుపడినను, రేవునకుండవలసిన వసతులను ప్రకృతి దానికి ప్రసాదింపలేదు. బరంపురమునకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతమునకు నేరుగా రొమ్మొడ్డి నిలిచిన యీ తీరమున ఓడలకు చాటు లేకపోవుటచే, రంగూనునకు కూలిజనమును కొనిపోవు పొగయోడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసి నిలువగా, జనమును సరకును వానికడకు చేర్చుటయు, వచ్చినవారిని తిరిగి ఒడ్డునకు తెచ్చుటయు మసూలా పడవలవారి పనియై యుండెను. మేకులు లేకుండ కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టి కట్టిన యా పడవలు కెరటపు తాకిడికి వంగి యొదుగునే కాని పగులవు. వానిని నడపిన నోళియాలు తెలుగు మాటాడు వాడబలిజలు. వారి విద్యలో కఠినమైన ఘట్టము తిరిగివచ్చుటయే. వెనుక నిలిచి పెద్దతెడ్డు పట్టినవాడు ఉద్ధృతమైన కెరటముల వరుస గడచువఱకు పడవను ఆపి, అనువైనదాని నెంచుకొని, దానివెంట ఒడ్డు చేరవలెను. పడవ అడ్డము తిరిగెనా, బోల్తాయే.

విమానవిద్య యొక్క పూర్వచరిత్రను చదువునపుడు నాకీ తెడ్డు పట్టినవాడే పలుమారులు స్ఫురించును. 1919 నాటి పారిస్ ఒడంబడిక స్వంతముగ విమానము నడుపగోరువానికి విధించిన పరీక్షను చూడుడు. అభ్యర్థి 2,000 మీటర్ల యెత్తున గంటసేపు నిలిచి, పిమ్మట నేలకు 1,500 మీటర్ల పైన యంత్రము నాపివేసి, మరల దానిని నడుపక, ముందుగా నిర్ణయించిన చోటికి 150 మీటర్ల లోపల దిగవలెను. అటుపై 500 మీటర్ల ఎడముతో నాటిన రెండు స్తంభములను చుట్టి, 200 మీటర్లకు మించని యెత్తున, ఆంగ్లపు ఎనిమిది అంకె ఆకృతిలో ఐదు చుట్లు తిరిగి, తాను చెప్పిన చోటికి 50 మీటర్ల లోపల విమానమును నిలుపవలెను. ఎగయుటకంటె దిగుటనే పరీక్షాధికారులు నిశితముగా కొలిచిరన్నమాట.

మన దేశమున ఫ్లయింగు క్లబ్బులు 1928 మొదలుకొని వెలసినవి. జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న దేశమున మొదటి విమానచోదక పత్రము నందుకొనెను. గోపాల్‌పూరున్న గంజాము మండలము 1936 ఏప్రిలు 1 వఱకు చెన్నపురి రాజధానిలోనిదే. కాని గాలిలో నెగురు విద్య నేర్వదలచిన గంజాము యువకునకు చెన్నపట్టణమైనను కలకత్తాయైనను దూరదేశములే, పైగా అది ధనవంతుల వినోదము.

ఆ క్లబ్బులలో శిక్షణకు వాడిన మాత్ అను విమానమును కొంత దగ్గరగా చూడదగును. పైకప్పు లేని రెండు గూళ్లు ఒకదాని వెనుక నొకటి యుండును. ముందుగూటిలో గురువు, వెనుకగూటిలో శిష్యుడు. వారి నడుమ మాటలకు ఒక రబ్బరు గొట్టమే ఆధారము. గాలిహోరులో ఆ గొట్టముగుండ వినవచ్చునది ఉపదేశమో తిట్టో శిష్యుడు తానే తేల్చుకొనవలసినదే! రేడియో లేదు, చక్రములకు బ్రేకులు లేవు. ఒకడు నేలపై నిలిచి పంకాను చేతితో త్రిప్పి యంత్రమును మేల్కొలుపవలెను. శిష్యుడు మొదట విమానమును సమముగా నడుపుట, మలుపులు తీయుట, ఎక్కుట, దిగుట అభ్యసించి, పిదప స్టాల్ అను గండమును తెలిసికొనవలెను. ముక్కును మితిమీరి యెత్తినచో రెక్కపై గాలి యొరసి పాఱుట చెడి, రెక్క మోయుశక్తిని కోల్పోవును. అప్పుడు ప్రాణభీతిచే మనుష్యుడు కడ్డీని తనవైపునకే లాగుకొనును, అదియే వినాశహేతువు. కడ్డీని ముందునకు నెట్టి, ముక్కును దించి, వేగమును తిరిగి సంపాదింపవలెను. స్వభావమునకు విరుద్ధమైన యీ పనిని చేతికి అలవాటు చేయుటయే శిక్షణలో ముఖ్యభాగమని నా అభిప్రాయము. ఇది కుదిరి, ఎదురుగాలికి దిగుట అలవడిన పిదప, ఒకనాడు గురువు విమానమునుండి దిగిపోయి, శిష్యుని ఒంటరిగా ఒక చుట్టు తిరిగి రమ్మనును. ముందుగూడు ఖాళీ యగుటచే తేలికపడిన విమానము మునుపటికంటె చుఱుకుగా పైకెగసి, ఆ శిష్యుని తత్తఱపెట్టును.

దారి కనుగొనుట వేఱొక శాస్త్రము. విశాఖనుండి ఉత్తరముగా వచ్చువానికి ఎడమప్రక్క 1,501 మీటర్ల మహేంద్రగిరియు, కుడిప్రక్క తీరరేఖయు, నడుమ ఇనుపదారియు గుర్తులు. ఋషికుల్యా నదీముఖమును దాటగా చిలికా సరస్సు. అయినను పటమును దిక్సూచిని నమ్ముకొని, ప్రక్కగాలి ఎంత త్రోసివేయునో ముందుగనే గణించుకొననివానిని ఆ గుర్తులే మోసపుచ్చగలవు. పగలు నేల వేడెక్కిన కొలది కడలిగాలి వీవనారంభించును. ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండముల భయము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూరు చెంతనే తీరము దాటెను. వాతావరణశాస్త్రము వైమానికుని పరీక్షలలో నొకటియైనదన్న, వింత లేదు.

గంజాము మూలములు గల బిజూ పట్నాయకు ఈ విద్యలో పేరు గాంచెను. 1916 మార్చి 5న కటకమున జన్మించి, కళాశాల చదువు మధ్యలో విడిచి, విమానచోదకుడై, యుద్ధకాలమున బర్మానుండి జనులను తరలించినవారిలో నొకడాయెను. ఏ రంగూనునకు గోపాల్‌పూరు పొగయోడలు దశాబ్దములపాటు జనమును మోసెనో, ఆ రంగూను 1942లో పతనము కాగా ఈ రేవు వ్యాపారమును అణగారినది. 1947లో పట్నాయకు కళింగ ఎయిర్‌లైన్సును స్థాపించి, ఆ జూలైలోనే డచ్చివారి దిగ్బంధమును లెక్కింపక జావానుండి ఇండోనేషియా నాయకుడగు సుతాన్ షహరీరును డకోటా విమానమున తెచ్చెను.

స్వాతంత్ర్యానంతరము మాత్‌లకు బదులు, 1958లో తొలిసారి యెగిరిన హిందూస్థాను ఎయిర్‌క్రాఫ్టు వారి పుష్పక్ విమానములు క్లబ్బులలో చేరినవి. 1937 నాటి విమాన నియమావళి పలుమాఱులు సవరింపబడి, ఇప్పుడు 16 ఏండ్లు నిండినవానికి శిక్షార్థిపత్రమును, 17 ఏండ్లు నిండి 40 గంటలు ఎగిరి పరీక్షలలో నెగ్గినవానికి స్వంత విమానచోదక పత్రమును ఒసగుచున్నారు. బరంపురము గోపాల్‌పూరుల నడుమ రంగేయిలుండలో విమానపు దారి యొకటి కలదు. గోపాల్‌పూరులోనే విమానములను గూర్చి శ్రద్ధగా బోధించు విద్యాలయమును కలదు గాని, అది సైన్యపు గగనరక్షణ కళాశాల. అచటి విద్యార్థులు నేర్చునది శత్రువిమానమును పడగొట్టుట. ఎగురగోరు గంజాము బాలుడు మాత్రము ఇప్పటికిని భువనేశ్వరమునకో హైదరాబాదునకో పోవలసినదే.