ఒత్తు ఊదినవాడు

మొన్న మాఘమాసంలో మా రావల్కోల్ నుండి మేడ్చల్ వైపు ఒక పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాలు వాకిట సన్నాయి మేళం కూర్చుని ఉంది. ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, ఒకరు తాళం. వారి నడుమ చిన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె గుంయ్ మంటూ ఉంది. మధ్యలో కరెంటు పోయింది. పెట్టె ఆగింది. సన్నాయి ఆగలేదు గాని, పాట కాళ్ళకింద నేల జరిగినట్లు అనిపించింది.

ఆ పెట్టె ఉన్న చోట నా బాల్యంలో ఒక మనిషి కూర్చునేవాడు. అతడు ఊదేది ఒత్తు. చూపునకు సన్నాయి వంటిదే. స్వరాలు పలికించే రంధ్రాలు ఉండవు. అడుగున శ్రుతి సరిచేసుకొనేందుకు తొర్రలు, వాటిని మైనంతో మూస్తూ తెరుస్తూ స్థాయి కుదుర్చుకుంటారు. ఆపైన పని ఒకటే: గంటల తరబడి ఆధారషడ్జమం తెగకుండా నిలపడం. బుగ్గల్లో గాలి నిలుపుకొని, అది బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త ఊపిరి తీసుకోవాలి. అక్షరానికి ఒత్తు ఎట్లాగో పాటకు ఈ ఒత్తు అట్లాగే. కింద ఉంటుంది, విడిగా ఎవరూ చదవరు.

సన్నాయివారి యెదుట చింతకాయ కొరికితే నోరూరి పాట చెడుతుందని పిల్లలకొక వేడుక ఉండేది. మేము ఆ పని ఒత్తు ముసలాయన ముందు చేశాం. ప్రధాన సన్నాయి ఒక క్షణం ఆగినా సంగతి అనుకుంటారు. ఒత్తు ఆగితే మేళమంతా పడిపోతుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, నాదం తెగలేదు. భోజనాల వేళ ఆయన చివరి పంక్తిలో కూర్చోవడం చూశాను. పేరు అడగలేదు. ముప్ఫైయేళ్ళకు పైగా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, ఆ పేరు నా దగ్గర లేదు.

కీర్తి వచ్చినవారి పేర్లు మాత్రం తేదీలతో సహా చెప్పగలను. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా, చిలకలూరిపేట ఆదం సాహెబు గారి వద్ద నేర్చి, తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై బాణీకి లోబడి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. ఆయన శిష్యులు కాలీషాబి, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి కృష్ణా జిల్లా గోసవీడు షేక్ హసన్ గారికి 2022లో అదే గౌరవం వచ్చేనాటికి ఆయన లేరు. ఇక ఉత్తరాదిన బిస్మిల్లా ఖాన్ గారికి 2001లో భారతరత్న. ఆయన వెనుక సుర్ పట్టే షెహనాయిలు ఉండేవి. అవి ఊదినవారిని ఎందరు ఎరుగుదురు?

నా అభిప్రాయంలో చిన మౌలానా గొప్పతనానికి ఇందువల్ల ఇసుమంతైనా లోటు రాదు. విమర్శకులు రాగాలాపననే తూచారు, దాని కిందనున్న నేలను తూచలేదు. అంతే.

పాశ్చాత్యుల సంగతీ ఇటువంటిదే అని మా మనుమడు వాదించాడు. న్యూయార్కులో లా మాంటే యంగ్ అనే ఆయన ఒకే స్వరాన్ని సుదీర్ఘంగా నిలిపే గోష్ఠి నడిపాడు. 1970లో మన పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు. ఆ గోష్ఠిలోని జాన్ కేల్ తన వయోలా మోతను వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బృందానికి తీసుకుపోయాడు. 1967లో వచ్చిన వారి మొదటి రికార్డు అప్పట్లో అంతగా అమ్ముడుపోలేదు. నేడు ఆ బృందం పేరు మోగిపోతోంది, యంగ్ పేరు సంగీతజ్ఞుల మధ్యనే నిలిచింది. వాడు వినిపించాడు. ఆ హోరులో నాకు సాహిత్యం బోధపడలేదు గాని, కింది షడ్జమం పట్టుబడింది.

మన దగ్గర ఒత్తును మొదట తిత్తుల శ్రుతిపెట్టె తప్పించింది, తర్వాత దానిని ఎలక్ట్రానిక్ పెట్టె తప్పించింది. మేళానికి ఒక మనిషి కూలి మిగిలింది. బీద మేళగాండ్రను ఇందుకు తప్పుపట్టలేను.

కరెంటు వచ్చేలోగా ఆ సన్నాయి ఆయనను ఒత్తు ఎవరైనా ఊదేవారా అని అడిగాను.

"మా తాత ఊదేటోడు సార్. పీకల్లేవు గాని గొట్టం ఇంకా ఇంట్లనే ఉన్నది" అన్నాడు.

తాత పేరు అడిగి, పెళ్ళిపత్రిక వెనుక వ్రాసుకున్నాను. వచ్చే ఆదివారం ఆ గొట్టం చూడటానికి రమ్మన్నాడు.