నెల్లూరు తీరంలో బడిపాట

బడిలో సంగీతబోధన గురించి వ్రాసే మన పండితులు సాధారణంగా విజయనగరంతో ప్రారంభిస్తారు. 1919లో అక్కడ రాజావారు సంగీత కళాశాల పెట్టటం, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు కావటం, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు నేర్పటం గొప్ప విషయాలే, ఎవరూ కాదనరు. కాని అది సంగీతాన్నే వృత్తిగా ఎంచుకున్నవారి విద్యాలయం. లెక్కలూ చరిత్రా చదివే పేదవాని పిల్లకు బడిలో పాట ఎట్లా వచ్చిందన్నది వేరే కథ. అది దర్బారులో దొరకదు. నెల్లూరు తీరాన, కరువు రోజుల్లో దొరుకుతుంది.

మద్రాసు రాజధానిలో లక్షలమంది చచ్చిపోయిన 1876–78 కరువులో, సముద్రానికి సమాంతరంగా సాగే కాలువను కరువుపనిగా తవ్వించి, దానికి గవర్నరు పేరిట బకింగ్‌హాం కాలువ అన్నారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చిన మాదిగలకు పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి కోసం మతం మారారని దీన్ని తేల్చివేసేవారున్నారు. కరువుపని సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపి వుంచాడన్న సంగతి వారికి పట్టదు.

మన విషయానికి ముఖ్యమైనది యింకొకటి. కొత్తగా సంఘంలో చేరినవారు జాతరల్లో డప్పు కొట్టటం మానివేశారు. గ్రామాధికారులు మండిపడ్డారు. ఎందుకు మండిపడరు? డప్పు వారి దృష్టిలో కళ కాదు, వెట్టి. దాన్ని మానటమంటే ఊరి పెత్తనాన్ని ధిక్కరించటమే. అయితే వెట్టితోబాటు, తరతరాలుగా ఆ చేతుల్లో వున్న లయజ్ఞానం కూడా బడి గుమ్మం బయటే వుండిపోయింది. యీ రెండు విషయాలనూ కలిపి చూడని చరిత్ర సగం చరిత్రే.

బడి లోపలికి వచ్చినదేమిటి? క్రైస్తవ కీర్తన. 1840 నుండి నెల్లూరు కేంద్రంగా పనిచేసిన మిషను, బడిలో అక్షరంతోబాటు ప్రార్థనా పాటా నేర్పింది. కొన్ని పాటలు దొరల బాణీలు. కాని పురుషోత్తమ చౌధురి (1803–1890) వంటివారు రచించిన కీర్తనలు మన రాగాల్లోనే వున్నాయి. కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తిన రాగమూ తాళమూ అచ్చువేశారు. దేవాలయ ప్రవేశ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో వచ్చింది. గుడి మెట్టు ఎక్కనివ్వని పిల్లల చేతికి రాగతాళాల పేర్లు గల పుస్తకం అంతకు ఎన్నో ఏళ్ల ముందే చేరిందన్నమాట. మిషను ఉద్దేశం సంగీతం కాదు, మతమే. అయినా ఫలితాన్ని ఫలితంగా లెక్కించాలి గదా.

సర్కారు హైస్కూలుకు సంగీతం మరో దారిన వచ్చింది. 1928లో మద్రాసులో మ్యూజిక్ అకాడమీ వెలసింది, 1932లో విశ్వవిద్యాలయంలో సంగీతశాఖ ఏర్పడింది, పి. సాంబమూర్తి పాఠ్యగ్రంథాలు వ్రాశారు. సంగీతం పరీక్షా విషయమైంది. హైస్కూల్లో అది ముఖ్యంగా బాలికల ఐచ్ఛికాంశంగా, మధ్యతరగతి ఆడపిల్లకు అలంకారంగా స్థిరపడింది. మరి ఆ విద్యను అంతకాలం కాపాడిన దేవదాసీ కులాల స్త్రీల మాటేమిటి? 1947 చట్టం వారి అంకితాన్ని నిషేధించింది, నిషేధించవలసిందే. కాని వారి విద్యకు బడిలో ఒక కుర్చీ వేయాలన్న ఆలోచన ఆ చట్టంలో లేదు.

1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడి తమిళపాటకు కచేరీలో చోటు అడిగినప్పుడు, త్యాగరాజు తెలుగు గురించి మనవాళ్లకు ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. ఆ అభిమానం సభల్లోనే వుండిపోయింది. తీరగ్రామం బడిదాకా నడిచిరాలేదు.

స్వాతంత్ర్యం తరువాత 1952–53లో ముదలియార్ సంఘం ఉన్నతపాఠశాల చదువును ఏడు శాఖలుగా విభజించి, లలితకళలను వాటిలో ఒకటి చేసింది. 1955లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం వారు. పాట లేనిదే పొద్దు గడవని శాంతినికేతనంలో చదువుకున్నవారు. యింతకంటె అనుకూలమైన కాలం వస్తుందా? 1964–66 కొఠారీ సంఘం పదేళ్ల చదువు అందరికీ ఒక్కటే కావాలన్నది. న్యాయమైన మాట. ఆ మార్పులో లలితకళల శాఖ జారిపోయింది.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుండి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలున్నచోట కళలకు పార్ట్‌టైం బోధకుణ్ణి నియమించమంటుంది. చిన్న పట్టపుపాలెం బడి ఆ సంఖ్య దగ్గరే ఆగిపోతుంది. శ్రీహరికోట అడవిలో బ్రతికిన యానాదులు రాకెట్ కేంద్రం కోసం దీవిలో చోటు కోల్పోయారు. వారి పాటలు ఏ పాఠ్యపుస్తకానికీ అవసరం కాలేదు.

డప్పు సంగతి చివరికి యిట్లా తేలింది: యీనాడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వయసుమళ్లిన డప్పు కళాకారుడికి నెలనెలా పింఛను యిస్తున్నది. బడిలో సంగీతం చెప్పటానికి మాత్రం అతన్ని డిప్లొమా అడుగుతారు.