బొబ్బరకు మందు లేదు, చరిత్ర ఉంది

 

మిరప ఆకు ముడుచుకుని చెట్టు గిడసబారితే మన పెద్దోళ్లు బొబ్బర అన్నారు. ఇప్పుడు మందుల షాపులో జెమిని వైరస్ అంటున్నారు. జెమిని అంటే మిథునం. ఆ వైరస్ రేణువులు కవలల్లాగా రెండేసి అతుక్కుని ఉంటాయి, అందుకే ఆ పేరు.

ఇది నిన్నమొన్నటి జబ్బు కాదు. 752లో జపాన్ మహారాణి ఒకామె, ఎండాకాలంలోనే ఒక మొక్క ఆకులు పసుపు రంగుకు తిరిగాయని పద్యం రాసింది. అది ఈ జాతి వైరస్ పనేనని 2003లో శాస్త్రవేత్తలు తేల్చారు. మన దేశంలో బెండ పల్లాకు తెగులు 1924లోనే బొంబాయి ప్రాంతంలో నమోదైంది. ఈ రెండు జబ్బుల్నీ మోసేది తెల్లదోమే.

ఆ దోమను పెంచింది ఎవరు? చాలావరకు మనమే. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినయి. పత్తిలో పచ్చపురుగు టపటపా రాలింది. ఇంకేముంది, కొట్టిందే కొట్టాం. దోమను తినే మిత్రపురుగులు పోయినయి, తెల్లదోమ విరుచుకుపడింది. అక్కడ వైరస్ కాదు, దోమే పంటను ముంచింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అప్పులకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. మన వయసు వాళ్లకి ఆ రోజులు గుర్తే.

2000లో అనంతపురం వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ వచ్చింది. వెతికితే మూలం వయ్యారిభామలో దొరికింది. దాని పుప్పొడిలో వైరస్, దాన్ని చెట్టుకు ఎక్కించేది తామర పురుగు. జబ్బు చేలో కనపడింది, పుట్టింది మాత్రం గట్టు మీద.

2021లో మిరప పూతకు నల్ల తామర పురుగు పట్టింది. అది వైరస్ కాదు. అయినా నేనూ భయపడి మూడు మందులు కలిపి కొట్టినోణ్ణే. పూత నిలవలేదు, అప్పు నిలిచింది.

వైరస్ ఎక్కిన చెట్టును బాగుచేసే మందు ఈ రోజుకీ లేదు. రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉంది. నారుమడికి నైలాన్ నెట్ కట్టండి. చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకండి. మొదట ముడిచిన నాలుగు చెట్లు కనపడంగానే పీకి పూడ్చిపెట్టండి.

పచ్చని చెట్టు పీకాలంటే చెయ్యి రాదు, నాకు తెలుసు. కానీ అన్నా, దోమకి గట్టు అడ్డం కాదు. నువ్వు వదిలేసిన చెట్టు రేపు నా చేనుకొస్తుంది, నేను వదిలేసింది నీ చేనుకొస్తుంది.