గిండీ కళాశాలలో తెలుగు ఆడపడుచు

మన గ్రంథాలయములలో రాజుల చరిత్రలకును, కవుల జీవితములకును కొదువ లేదు. కాని యంత్రముల నడుమ జీవితము గడపినవారి చరిత్రలు అరుదు. వారిలో స్త్రీల చరిత్రలు మఱింత అరుదు. అందుచేత మన దేశమున తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పేరొందిన అయ్యలసోమయాజుల లలితగారి చరిత్రను ఈ రజతోత్సవ సంచికా పాఠకులకు మనవి చేయుచున్నాను.

లలితగారు 1919 ఆగస్టు 27వ తేదీన మద్రాసులోని ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఏడుగురు సంతానములో ఈమె ఐదవవారు. సోదరులకు ఇంజనీరింగు చదువు, ఆడపిల్లలకు కొద్దిపాటి చదువు, పిమ్మట వివాహము: ఇది ఆనాటి ఇంటింటి ఆచారము. ఈమెకు పదునైదవయేటనే వివాహమైనది. 1937లో భర్త మరణించునప్పటికి ఈమెకు పదునెనిమిదేండ్లు. ఒడిలో నాలుగు నెలల ఆడశిశువు.

ఆ దుఃఖమునందే ఆమె ఒక నిశ్చయమునకు వచ్చిరి. పరుల దయపై బ్రదుకరాదు. చదువుకొని తన కాళ్ళపై తాను నిలువవలెను. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించిరి. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అప్పటికే కొంత వాడుకలోనికి వచ్చినది. కాని వైద్యురాలు వేళగాని వేళ రోగి చెంతకు పోవలెను. పసిబిడ్డ తల్లికి అది కష్టము. అందుచేత ఆమె ఇంట తండ్రి, సోదరులు నడచిన బాటనే కోరిరి.

1794లో సర్వే పాఠశాలగా పుట్టిన గిండీ విద్యాలయమున అంతవరకు స్త్రీ విద్యార్థిని లేదు. సుబ్బారావుగారు ప్రధానాచార్యులైన కె.సి. చాకోగారితో మాటాడిరి, విద్యాశాఖాధిపతి స్టేథాముగారి అనుమతియు లభించినది. వందలకొలది పురుషుల నడుమ ఒక్క యువతి! వసతిగృహమున ఆమె ఒంటరితనము చూచి, తండ్రి మఱియొక యోచన చేసిరి. స్త్రీలను చేర్చుకొందుమని కళాశాలచేత ప్రకటన చేయించిరి. మరుసటి యేడు కేరళదేశమునుండి పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి అను ఇరువురు సివిల్ ఇంజనీరింగులో చేరిరి. యుద్ధకారణమున చదువు కొన్ని నెలలు తగ్గింపబడుటచే 1943లో మువ్వురును ఒకేసారి ఉత్తీర్ణులైరి. పట్టాపత్రములలో ముందుగానే అచ్చువేసిన ‘అతడు’ అను మాటను కొట్టివేసి, ‘ఆమె’ అని కలముతో వ్రాయవలసివచ్చినది. స్త్రీ వచ్చునని ఆ పత్రము నచ్చొత్తించినవారు తలంపనే లేదు!

లలితగారు జమాల్పూరు రైల్వే కర్మాగారములో పని నేర్చుకొని, సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో 1946 వరకు పనిచేసిరి. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసులో చేరిరి. విద్యుత్తును మోయు తీగెల మార్గములకును, సబ్ స్టేషన్లకును నమూనాలు రచించిరి. భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనియందును పాల్గొనిరి. కలకత్తాలో సోదరుని కుటుంబము ఆమెకు అండగా నిలిచినది. వదినెగారు బిడ్డను కనిపెట్టుకొని యుండుటచేతనే ఆమె నిశ్చింతగా ఉద్యోగమునకు పోగలిగిరి. 1964లో న్యూయార్కునందు జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సభకు హాజరైరి. 1966లో లండనులోని విద్యుదింజనీర్ల సంస్థలో పూర్ణ సభ్యత్వము లభించినది. 1979లో, అరువదేండ్ల వయస్సున, దివంగతులైరి. ఆమె తోడివిద్యార్థిని త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు ప్రధాన ఇంజనీరైరి.

ఈ చరిత్రలో మనము గమనింపవలసినది ఒకటి కలదు. లలితగారి బుద్ధి, పట్టుదల గొప్పవే. కాని లోపల నుండి తలుపు తీసిన తండ్రియు, అంగీకరించిన అధికారులును, బిడ్డను సాకిన వదినెయు లేకున్న ఆ బుద్ధి వంటయింటిలోనే అణగిపోయెడిది. అటులే అణగిపోయిన బుద్ధులెన్నియో మనకు లెక్క తెలియదు. ఒక్క బాలికను పంపి, ఆమె నెగ్గునో లేదో చూతమని ఊరకుండుట న్యాయము కాదు. సుబ్బారావుగారివలె ఆమెకు తోడును వెదకవలెను.

కావున పెద్దలారా! యంత్రశాస్త్రము, గణితము మగపిల్లల పుస్తకములని మన బీరువాలలో వేరు చేయకుడు. చదువ గోరిన బాలికకు పుస్తకమిండు. చదువుటకు సంధ్యవేళ ఒక గంట ఇంటిపని తప్పింపుడు. గ్రంథాలయము పెట్టుకొన్న ఊరికి ఇది మోయరాని భారము కాదు.